యూరప్‌కు దారి బయ్యారం మీదుగా

ఈ వేసవికి యూరప్ వెళ్ళాలన్న మాట మా ఇంట్లో సంక్రాంతి అరిసెల పళ్ళెం చుట్టూ పుట్టింది. పుట్టిన పావుగంటకే దెబ్బలాట కూడా పుట్టింది. మావాడికి పదిహేడేళ్ళు, వాడికి స్విట్జర్లాండు రైళ్ళు కావాలి. అమ్మాయికి పద్నాలుగు, దానికి పారిస్ తప్ప వేరే ఊరు ఊరే కాదు. మావారు ఎక్కడినుంచో ఓ రంగుల కాగితం తెచ్చి బల్లమీద పరిచారు. పన్నెండు రోజుల్లో ఎనిమిది దేశాలట! బస్సు దిగడం, ఫొటో దిగడం, మళ్ళీ బస్సెక్కడం. మా అత్తగారు మాత్రం, "గంత దూరం పోయి ఏం జూస్తరే బిడ్డా? మన దగ్గరున్నయి జూసిన్రా ముందు?" అన్నారు. ఎవరమూ జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఉంటేగా!

ఆ డబ్బు ఏళ్ళ తరబడి చిట్టీలు కట్టి పోగేసింది. జనగామలో మా ఇంటిమీద ఇంకో అంతస్తు వేద్దామనుకున్నది. అంతస్తుదేముంది, తర్వాతైనా లేస్తుంది. ఈ వేసవి దాటితే మావాడు హాస్టలుకు పోతాడు. నలుగురం కలిసి ఒకే కంచాల వరుసలో కూర్చునే సెలవులు మళ్ళీ వస్తాయో, రావో! ఆ బెంగతోనే నేను 'సరే' అన్నాను. బెంగ అని మాత్రం పైకి చెప్పలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక పుస్తకాల బీరువా సర్దుతుంటే మార్కో పోలో కథ చేతికొచ్చింది. చిన్నప్పుడు చదివిందే. కానీ ఒక ముక్క దగ్గర ఆగిపోయాను. 1271లో వెనిస్ నుంచి తండ్రితో, పినతండ్రితో బయల్దేరేనాటికి ఆ అబ్బాయికి పదిహేడేళ్ళు! అచ్చం మావాడి వయసే. తండ్రి వ్యాపారం మీద ఏళ్ళ తరబడి దేశాలు తిరిగి 1269లో ఇంటికొచ్చేసరికి భార్య లేదు, పదిహేనేళ్ళ కొడుకు మాత్రం ఉన్నాడు. రెండేళ్ళకు ఆ కొడుకును వెంటబెట్టుకుని మళ్ళీ బయల్దేరాడు. తిరిగి వెనిస్ చేరేసరికి 1295. పదిహేడేళ్ళవాడు నలభై దాటి ఇంటికొచ్చాడన్నమాట. మా ప్రయాణం పన్నెండు రోజులేనని అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది.

ఆ మార్కో పోలోయే తన పుస్తకంలో మన తెలుగుదేశాన్ని 'ముత్ఫిలి' రాజ్యమన్నాడు. అది మోటుపల్లి, ఇప్పటి బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున ఉంది. అక్కడ వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడంత సన్నటి బట్ట నేస్తారని రాశాడు. ఆ రాజ్యాన్ని ఏలే రాణి న్యాయం తప్పని మనిషని మెచ్చుకున్నాడు. ఆమే మన రుద్రమదేవి. ఆ మెప్పుతోపాటు ఒక పొరపాటూ రాశాడు. ఆమె చనిపోయిన రాజుగారి భార్య అన్నాడు. భార్య కాదు, గణపతిదేవుడి కూతురు! 1261 నాటి మల్కాపురం శాసనం ఆ సంగతి స్పష్టంగా చెబుతుంది. చందుపట్ల శాసనాన్నిబట్టి ఆమె 1289లో కన్నుమూసింది. మార్కో పోలో చైనా నుంచి ఓడలో ఇటు మళ్ళింది 1292 ప్రాంతంలో. అంటే ఆమె కాలం చేశాకే ఇటు వచ్చాడు, విన్నదే రాసుకున్నాడు. ఎంతో దూరం తిరిగినవాడే కావచ్చు, పక్కింటి సంగతి వినికిడి మీద రాస్తే కూతురు కాస్తా భార్య అయిపోయింది చూశారా!

మర్నాడు పిల్లలకు ఈ కథ చెప్పి, "రుద్రమదేవి గురించి అక్కడెవరైనా అడిగితే మీరేం చెబుతారు?" అన్నాను. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. అత్తగారు తమలపాకు తుడుస్తూ ముసిముసిగా నవ్వారు.

అందుకని మా యూరప్ ప్రయాణం ఒక ఆదివారం మానుకోట రైలుతో మొదలైంది. మానుకోటంటే మహబూబాబాదు, మా పుట్టిల్లు. అక్కడికి దగ్గర్లోనే బయ్యారం చెరువు. దాన్ని తవ్వించింది గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ. అక్కడి శాసనంలో ఆమె పుట్టింటి వంశవృక్షమంతా చెక్కించింది. కాకతీయుల పూర్వీకుల పేర్లు చరిత్రకారులకు తెలియడానికి ఆ రాయి పెద్ద ఆధారం. పుట్టింటివారి పేర్లు గుర్తుపెట్టుకోవడంలో ఆడవాళ్ళను మించినవాళ్ళెవరు చెప్పండి! చెరువు గట్టుమీద పులిహోర తింటూ మా అమ్మాయి, "అత్త చెరువు తవ్వించింది, కోడలు రాజ్యమేలింది. మస్తున్నరమ్మా వీళ్ళు!" అంది.

మరో ఆదివారం భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్ళు చూసి, అటునుంచి పక్క జిల్లాలోని పాలంపేటకు వెళ్ళాం. రామప్ప గుడిని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కోవారు దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. పారిస్‌లో నోత్రదామ్ చర్చిని 1163లో మొదలుపెట్టారు. రామప్ప శిఖరం లేచేనాటికి అక్కడింకా రాళ్ళు మోస్తూనే ఉన్నారు. ఆ లెక్క చెప్పగానే మా అమ్మాయి పారిస్ కాగితంమీద రామప్ప అని రాసుకుంది.

ఇక కాగితాల పని. మార్కో పోలో వాళ్ళకు కుబ్లాయ్ ఖాన్ బంగారు పలక ఇచ్చాడు. అది చూపిస్తే దారంతా గుర్రాలు, తిండి, కాపలా దొరికేవి. మన గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు లాక్కునేవారట. ఇకమీదట నిర్ణయించిన సుంకం తప్ప వేరే ఏమీ తీసుకోమని ఆయన మాటిచ్చాడు. మన బంగారు పలక షెన్‌గెన్ వీసా. షెన్‌గెన్ అన్నది లక్సెంబర్గులో ఒక చిన్న పల్లె. 1985లో అక్కడ కుదిరిన ఒప్పందం వల్లే ఇప్పుడు ఒక్క ముద్రతో 29 దేశాలు తిరగొచ్చు. ఇంగ్లండు మాత్రం ఆ లెక్కలో లేదు, దానికి వేరే వీసా కావాలి.

మీలో ఎవరైనా బయల్దేరేట్టుంటే కొన్ని సంగతులు చెబుతాను. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. ప్రయాణానికి ఆరునెలల ముందునుంచీ పెట్టొచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టి తీరాలి. 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా ఉండాలి. పన్నెండు నిండిన పిల్లలకు పెద్దల రుసుమే, వేలిముద్రలూ ఇవ్వాలి. మైనర్లకు తల్లిదండ్రులిద్దరి సమ్మతి కావాలి. పిల్లల పాస్‌పోర్టు అయిదేళ్ళకే చెల్లుతుంది కనక ముందే తేదీ చూసుకోండి. మా అమ్మాయిది చూస్తే గడువు తీరిపోయి ఉంది!

చివరికి ఎనిమిది దేశాలు మూడయ్యాయి. ప్రవేశపరీక్షలయ్యాక, జూన్‌లో బడి తెరిచేలోపు వెళ్ళిరావాలి. పారిస్ మూడు రోజులు అమ్మాయి చేతిలో. లూవ్ర్ మ్యూజియంలో పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు టిక్కెట్టు లేదని అదే కనిపెట్టింది. స్విట్జర్లాండు రైళ్ళు మావాడి చేతిలో. గొట్‌హార్డ్ కొండకింద 57 కిలోమీటర్ల సొరంగముందట, 2016లో తెరిచారట. జనగామ నుంచి కాజీపేట దాకా ఉన్న దూరంకంటే ఎక్కువే! మిగతా రోజులన్నీ ఇటలీలో. అక్కడ వెనిస్ నాది. మార్కో పోలో ఇల్లు ఉండేదని చెప్పే చోట చిన్న వాకిలి ఒకటుంది, దాని పేరు కోర్తె దెల్ మిలియోన్. అక్కడ నిలబడాలి.

పెట్టెలో పచ్చళ్ళ సీసాల పక్కన పెంబర్తి ఇత్తడి దీపపు కుందె ఒకటి పెట్టాను. దారిలో ఎవరైనా ఆప్యాయంగా పలకరిస్తే ఇవ్వడానికి. ఆ మధ్య మావాడు దాన్ని చేతిలోకి తీసుకుని, "అమ్మా, వెనిస్‌ల ఆ వాకిట్ల నిలబడి నేనొక మాట చెప్తా" అన్నాడు.

"ఏం చెబుతావురా?"

"ఆమె భార్య గాదు, బిడ్డ అని."

అంతస్తు లేవకపోయినా ఫరవాలేదనిపించింది.