ఈతకొలనుల అంతర్లేపనము

కాంక్రీటు తొట్టికిని నీటికిని నడుమ నిలుచు పలుచని పొరయే అంతర్లేపనము. విశాఖపట్టణము, చెన్నపట్టణము మున్నగు తీరనగరములందు ఏడాది పొడవునను వెచ్చనై యుండు నీటిలో నాచు శీఘ్రముగ పెరుగుటచేతను, దాని నణచుటకు క్లోరినును, ఆమ్లమును తరచుగ వాడవలసి వచ్చుటచేతను, ఈ పొర త్వరగా క్షీణించును.

తెల్ల సిమెంటును, చలువరాతి పొడిని కలిపి పూయు గిలాబా చౌకయే కాని, నీటిలో సున్నపు అంశము తగ్గినపుడు ఆ నీరు గిలాబాలోని సున్నమునే కరగించి తీసికొనుటవలన అది గరుకెక్కి నాచునకు నెలవగును. 1936లో లాంజెలియరు అను శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన సూచిక నీటికి గల ఈ కరగించు ప్రవృత్తిని తెలుపును. క్వార్ట్జు రవ్వ కలిపినది ఇంతకంటె మన్నును. గులకరాళ్ల పూత గట్టిదే గాని పసిపిల్లల పాదములకు కరకు. ఎపాక్సీ రంగు ఎండకు సుద్దవలె రాలును గనుక ఆరుబయటి కొలనునకు అంతగా తగదు.

0.5 శాతమునకు మించి నీరు పీల్చని విట్రిఫైడు పలకలును, గాజు మొజాయికును అన్నిటికంటె శ్రేష్ఠములు. వ్యయము హెచ్చైనను వీనినే ఎన్నుకొనవలెను. పలకలకంటె వాని సందులే ముందుగ చెడును గావున, అందు సిమెంటునకు మారుగ ఎపాక్సీ నింపుట మేలు. భూగర్భజలము పైకెగయు వానకాలమున కొలనును ఖాళీచేసినచో, వెలుపలి పీడనమునకు పలకలూడుటయే కాక తొట్టియే పైకి లేచు ప్రమాదము గలదు. కావున మరమ్మతులు వేసవియందే జరుపవలెను.