రక్షకభటుని చేతి పిస్తోలు



వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన పటమట పంతులు తుపాకులను గూర్చి మాటాడుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఈ ప్రసంగమునకు కారణము నా శిష్యుడొకడు. మా యింటికి మూడు వీధుల దూరమున పుట్టి పెరిగినవాడు. శబ్దమంజరిని సగములో విడిచి పరుగుపందెములకు పోయినవాడు. వాడిప్పుడు సబ్ ఇనస్పెక్టరు. శిక్షణ ముగించుకొని, గడచిన సంక్రాంతికి నాకు నమస్కరింప వచ్చి, అరుగుమీద కూర్చుండి, "మాస్టారూ, మా స్టేషనులో రెండు రకాలున్నాయి. ఒకటి పాత రివాల్వరు, రెండోది పిస్టలు. దేన్ని నమ్మమంటారు?" అని యడిగెను. నాతో పరిహాసమాడుచున్నాడనుకొంటిని. కాని వాని కన్నులలో జంకు కనబడెను. రాత్రి గస్తీకి పోవువానికి అది పరిహాసపు ప్రశ్న కాదు గదా!

తుపాకి పేల్చుట నాకు రాదు. హైస్కూలులో నుండగా ఎన్.సి.సి.లో చేరి, చిన్న తూటాల రైఫిలును కొన్నిమారులు మాత్రము పేల్చితిని. మీట నొక్కుటకు ముందే కన్నులు మూతపడెడివి. గుండు మట్టిదిబ్బకు తగిలెడిది. హవల్దారు నవ్వి, "తుపాకికి నీవు భయపడుచున్నావు, అది నీకు భయపడుట లేదు" అనెను. ఆ సంగతి యిప్పుడు చెప్పుటకు కారణమున్నది, ముందు తెలియగలదు. చేతి విద్య లేకున్నను చరిత్ర యున్నది గదా యని పుస్తకములు తిరుగవేసితిని.

మొదట మాటల సంగతి. తుపాకి యనునది తురుష్కభాషనుండి మనకు వచ్చినది. ఫిరంగి యనగా ఫిరంగుల, అనగా ఐరోపావారి, ఆయుధము. పిస్తోలును, రివాల్వరును తెలుగు చేయవలెనని ప్రయత్నించిన పండితులున్నారు. ఆ పదములు వారి నిఘంటువులు దాటి బయటికి రాలేదు. నేనును లోకము పలుకునట్లే పలికెదను.

రివాల్వరునందు ఆరు గదులు గల చక్రమొకటి యుండును. గదికొక తూటా. మీట లాగినప్పుడెల్ల చక్రము తిరిగి, క్రొత్త గది గొట్టము వెనుకకు వచ్చును. అమెరికా దేశస్థుడు సామ్యూల్ కోల్టు 1836లో దీనికి పేటెంటు పొందెను. ఇంగ్లండులో వెబ్లీవారు చేసిన రివాల్వరును బ్రిటిషు ప్రభుత్వము 1887లో సైన్యమునకు స్వీకరించెను. మన దేశమున తెల్లదొరల నడుమున వ్రేలాడినది బహుళముగా నిదియే. దీని గుణమొక్కటి చెప్పవలెను. తూటా పేలకపోయినచో మరల మీట లాగిన చాలును. చెడిన తూటా ప్రక్కకు పోయి, మంచి తూటా ముందుకు వచ్చును. రెండవ చేయి అక్కరలేదు, ఆలోచన అక్కరలేదు. భయముతో వ్రేళ్లు వణకువానికి ఇంతకంటె మేలేమున్నది?

అయితే దొర నడుమున రివాల్వరుండగా, వాని వెనుక నడచిన కానిస్టేబులు చేతిలో నేముండెను? ఇచ్చటనే నమ్మకమను మాటకు రెండవ అర్థము వచ్చును. 1857 తిరుగుబాటు తరువాత ప్రభుత్వము సిపాయిల చేతికి మంచి తుపాకి నీయ వెనుదీసెను. గొట్టము లోపల మెలితిరిగిన గాడులుండినచో గుండు తిన్నగా దూరము పోవును. ఆ గాడులు లేకుండ నునుపుగా తొలిచిన గొట్టముల తుపాకులను 1858 నమూనాగా చేయించి, భారతీయ సైనికుల కిచ్చిరి. తెల్లవారి తుపాకి దూరము పోవును, నల్లవారిది పోదు. పిదప, ఇరువదవ శతాబ్దిలోను, పోలీసులకును చెరసాల కావలివారికిని ఇచ్చుటకై, మంచి రైఫిళ్ల గొట్టములనే నునుపుగా తొలిచి, తూటాల పెట్టెను మూసివేసి, ఒక్కొక్క తూటాను చేతితో పెట్టి పేల్చునట్టి మస్కెట్లుగా మార్చిరి. పనివాడు తెలివితక్కువవాడై చెడగొట్టిన పని కాదది. తెలిసి తెలిసి తగ్గించిన పని. 1878 నాటి ఆయుధముల చట్టము ప్రజల చేతులు కట్టినది. ఈ మస్కెటు కానిస్టేబులు చేతులను సగము కట్టినది.

ఈ యనుమానము నిరాధారమా? కాదని మన మన్యమే చూపెను. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో, వరుసగా మూడు దినములు, అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలమీద పడి, 26 తుపాకులను, రెండువేల ఐదువందలకు పైబడిన తూటాలను పట్టుకొనెను. పట్టుకొన్న వాటి లెక్కను ఠాణా పుస్తకములో వ్రాసి, చేవ్రాలు చేసి మరీ పోయెను. లెక్క తప్పని దోపిడి యని మా నాయనగారు చమత్కరించెడివారు. సర్కారువారు తమ భటుల నెంత అనుమానించినను, భటుల తుపాకులు భద్రముగా నుండవలసిన గదుల నంతగా చూచుకొనలేదు! మరుసటి నెల 24వ తేదీన దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను నిద్దరు దొరలు మడిసిరి. ఇరుకుదారిలో, చెట్ల చాటునుండి వచ్చు గుండునకు వారి హోదా అడ్డు రాలేదు. తరువాత మలబారు ప్రత్యేక పోలీసులు వచ్చిరి. 1924 జనవరిలో అస్సాము రైఫిల్సువారు వచ్చిరి. ఆ మే నెల 7వ తేదీన రాజు హతుడయ్యెను. కథ మీకు తెలిసినదే. దానిని నిలిపి, తుపాకికి వచ్చెదను.

అదే కాలమున ఇంగ్లండులో వేరొక తర్కము జరుగుచుండెను. వెబ్లీవారి పెద్ద రివాల్వరు కిలోకు పైబడి తూగును. గొట్టపు వెడల్పు అంగుళమును వేయి పాళ్లు చేసిన 455 పాళ్లు. గుండు తగిలినవాడు నిలువడు. కాని పేల్చినవాని చేయియు నిలువదు! మొదటి ప్రపంచయుద్ధములో లక్షలకొలది క్రొత్తవారికి దానిని నేర్పవలసి వచ్చినప్పుడు చిక్కు తెలిసెను. ఏండ్ల తరబడి సాధన చేసినవాడు దానిని లొంగదీయును. కొలది వారములలో నేర్చినవాడు, నా వలెనే, మీట నొక్కకముందే కన్నులు మూయును. అందుచేత తేలికయైన, 380 పాళ్ల తూటాగల ఎన్‌ఫీల్డు రివాల్వరును 1932లో వారు స్వీకరించిరి. అది ముప్పాతిక కిలో తూగును. బలము కొంత తగ్గినది, తగులుట కొంత పెరిగినది. తగులని పెద్ద గుండుకంటె తగిలెడి చిన్న గుండు మేలని వారి నిర్ణయము. హవల్దారు నాకు చెప్పిన మాటను సైనికశాఖ ఎన్నో యేండ్ల అనుభవముతో నేర్చుకొన్నదన్నమాట.

అమెరికావారు సరిగ్గా దీనికి విరుద్ధముగా నడచిరి. ఫిలిప్పీను దీవులలో యుద్ధము చేయుచు, 38 రకపు రివాల్వరు గుండ్లు తగిలినను శత్రువు ఆగుట లేదని వారి యధికారులు మొరపెట్టుకొనిరి. 1904లో తాంప్సన్, లగార్డు అను నిద్దరు శవములమీదను, కబేళాకు తెచ్చిన పశువులమీదను పరీక్షలు చేసి, వెడల్పైన గుండే కావలెనని తేల్చిరి. ఆ పరీక్ష చదువునప్పుడు నా మనస్సు కలగినది. చదివినదానిని దాచుట చరిత్ర చెప్పువానికి ధర్మము కాదు. ఆ పైన 1911 మార్చిలో, జాన్ బ్రౌనింగు కల్పించిన పిస్తోలును, సావేజి వారి పిస్తోలును ఎదురెదురుగా పెట్టి, ఒక్కొక్కదానిని 6000 మారులు పేల్చిరి. వేడెక్కినప్పుడు నీళ్లలో ముంచి చల్లార్చి మరల పేల్చిరి. సావేజి పిస్తోలు 37 మారులు తడబడెను. బ్రౌనింగుది ఒక్కమారైనను తడబడలేదు. నమ్మదగినది యనుటకు ఇట్టి పరీక్ష కావలెను గాని, అమ్మువాని మాట చాలదు.

బ్రౌనింగు 1926లో కాలధర్మము నొందెను. ఆయన మొదలుపెట్టిన మరియొక పిస్తోలును బెల్జియమువారు 1935లో పూర్తిచేసి వెలువరించిరి. దాని పిడిలోని పెట్టెలో 13 తూటాలు పట్టును. కలకత్తాకు చేరువనున్న ఈశాపురపు రైఫిలు కర్మాగారములో స్వాతంత్ర్యానంతరము మనవారు తయారుచేసిన 9 మిల్లీమీటర్ల పిస్తోలు దీని సంతతియే. మా శిష్యుని స్టేషనులోని రెండవ రకము అదియే యని వాడు చెప్పగా తెలిసినది. ఈ రకములో పేలిన తూటా దెబ్బయే ఖాళీ గొట్టమును బయటికి విసిరి, క్రొత్త తూటాను లోపలికి ఎక్కించును. సుఖమే. కాని అడ్డుపడినచో రెండవ చేతితో పైభాగమును వెనుకకు లాగి సరిచేయవలెను. అనేక సందర్భములలో అడ్డుపడుటకు మూలము తుపాకి కాదు, తూటాల పెట్టెలోని స్ప్రింగు. లేదా చాలినంత నూనె లేకపోవుట. మన కృష్ణా డెల్టాలో కాలువల తేమ, సముద్రపు గాలి. ఇనుము ఇచ్చట వేసవి గడుపును గాని వర్షాకాలము గడుపుట కష్టము. మీలో లైసెన్సు తుపాకి గలవారికి ఇది తెలియును; ఎన్నికలకు ముందు స్టేషనులో అప్పగించి, పిదప తెచ్చుకొన్నప్పుడు తుడుచుటకు ఎంత సేపు పట్టునో!

1982లో ఆస్ట్రియా సైన్యము గ్లాకు అను పిస్తోలును తీసుకొనెను. దాని చట్రము ఇనుపది కాదు, ఒక విధమైన ప్లాస్టికు, తుప్పు పట్టదు. పెట్టెలో 17 తూటాలు. నేడు లోకమున ఎక్కువ పోలీసులు దానినో, దానిని పోలినవానినో వాడుచున్నారు. వ్రేలితో వేయు తాళము దానికి లేదు, మీటమీదనే తాళమున్నది. అలవాటున్నవానికి అది సదుపాయము. క్రొత్తవానికి మాత్రము, పేల్చదలచునంతవరకు వ్రేలు మీటమీద పెట్టని అలవాటు ప్రాణము వలె అబ్బవలెను. లేనిచో తన తొడకే తగులును.

ఇంతయు చదివి, శిష్యుని పిలిపించి చెప్పితిని: "అబ్బాయీ, రెండింటిలో ఏది మంచిదని నేను చెప్పలేను. నీ చేతికి ఏది యిమిడినది? నీ స్టేషనులో నున్న ఆ ఒక్క పిస్తోలు, ఆ ఒక్క రివాల్వరు ఎన్నిమారులు పేలినవి? కడపటిసారి ఎప్పుడు?"

వాడు తలవంచుకొనెను. మా వీధిలో నుండిన విశ్రాంత హెడ్ కానిస్టేబులొకరు పూర్వము నాతో చెప్పిన మాట జ్ఞాపకము వచ్చినది. తన కాలమున దొంగకంటె తూటాల లెక్కపుస్తకమునకే యెక్కువ భయపడితిమని, ఒక్క తూటా లెక్క తగ్గినచో సంజాయిషీ వ్రాయలేక చచ్చెడివారమని, అందుచేత తుపాకిని తుడుచుటయే గాని పేల్చుట లేకుండెనని ఆయన చెప్పిరి. తుడిచిన తుపాకి అద్దము వలె మెరయును. పేలునో లేదో ఎవ్వరెరుగుదురు? అట్టి ఆయుధము నడుమున వ్రేలాడదీసికొని, జాతరలో జనము నడుమ నిలుచువాని స్థితి తలచుకొనుడు. అది పేలకపోయిన వాడు పోవును. వణకిన చేతిలో పేలిన, ప్రక్కనున్న మన బిడ్డ పోవును.

మాఘమాసము కడపట వాడు మరల వచ్చెను. పై యధికారికి అర్జీ పెట్టుకొని, అభ్యాసమునకు అదనముగా తూటాలు పొంది, రెండింటిని పేల్చిచూచెనట. రివాల్వరు ఒక్కమారైనను ఆగలేదు గాని, మీట బరువై గుండ్లు ఎడమకు పోయినవట. పిస్తోలు రెండుమారులు అడ్డుపడెను. ఆయుధముల మరమ్మతుచేయువాడు పెట్టె విప్పి, స్ప్రింగు సడలినదని చూపి, మార్చి యిచ్చెనట. మార్చిన పిమ్మట పిస్తోలు వరుసగా ఏబది మారులు అడ్డులేకుండ పేలెననియు, ఏబదిలో నలుబది మూడు గురికి తగిలినవనియు వాడు కాగితము చూపెను. "ఇక పిస్టలే ఉంచుకుంటాను మాస్టారూ. కాని నెలనెలా పేల్చి చూసుకుంటాను" అనెను. ఆ కాగితమును నా కిమ్మని యడిగితిని. స్టేషను రిజిస్టరులో అతికించవలెనని, ఇయ్యక తీసికొనిపోయెను.