కరువు లెక్క: ఎవరి నష్టం?

కరువు సాహిత్యాన్ని గురించి మనం చాలా చర్చించుకున్నాం. కరువు లెక్కలను గురించి మాత్రం దాదాపుగా చర్చించలేదు. నష్టం అంచనా కట్టడం రెవిన్యూ ఉద్యోగుల పని అని వదిలేశాం. కానీ ఆ అంచనాకూ ఒక చరిత్ర ఉంది. అనంతపురం పీఠభూమిలో ఆ చరిత్రను పరిశీలించిన మీదట నాకు తేలిందొకటే: హడావిడిగా వేసిన అంచనా తప్పడానికి అసలు కారణం హడావిడి కాదు. ఎవరి నష్టాన్ని లెక్కించాలన్నది ముందే నిర్ణయమైపోవడం.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి దత్తం చేశాడు. మన్రో ఇక్కడ పొలాలు కొలిపించి రైతువారీ శిస్తుకు పునాది వేశాడు. ఊరి లెక్క కరణం చేతిలో ఉండేది. దాని ప్రయోజనం శిస్తు. నిండు పంటను రూపాయిగా పెట్టుకుని, ఈ యేటి పంట ఎన్ని అణాలో కంటిచూపుతో తేల్చడమే అణావారీ. అణాలు తగ్గితే శిస్తు వాయిదా వెయ్యాలి, లేదా మాఫీ చెయ్యాలి. అంటే అక్కడ కొలిచింది రైతు నష్టాన్ని కాదు, సర్కారు రాబడిని.

1876-78 నాటి ధాత కరువులో ఈ చూపు ప్రాణాంతకమైంది. అప్పటికి అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. 1877 తొలినాళ్లలో రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానిలో పర్యటించి, సహాయం పొందుతున్న జనం మరీ ఎక్కువగా ఉన్నారని తేల్చాడు. మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి పైకం చాలునని లెక్క కట్టాడు. ఆ తిండితో మనిషి పనిచెయ్యలేడని ఆరోగ్య కమిషనర్ కోర్నిష్ వాదించాడు. ఆ తర్వాత గాని కూలి పెరగలేదు. తర్వాత అనంతపురం జిల్లాగా ఏర్పడ్డ ప్రాంతంలో 1871లో 7 లక్షల 40 వేలు దాటిన జనాభా 1881 నాటికి 6 లక్షలకు లోపే మిగిలింది. అణాల్లో ఇమడని నష్టమది.

1880 కమిషన్, దాని వెంట వచ్చిన కరువు కోడ్‌లు మరో కొలతను స్థిరపరిచాయి. కరువు నిజమో కాదో తెలుసుకోడానికి ముందు పరీక్ష పనులు తెరిచేవారు. అతి తక్కువ కూలికి రాళ్లు కొట్టడానికి జనం వస్తే కరువున్నట్టు, రాకపోతే లేనట్టు! ఆకలిగొన్న దేహమే కొలబద్ద అయింది.

ఈనాడు పద్ధతులు చాలా మెరుగయ్యాయి. యాదృచ్ఛికంగా ఎంచిన మడిలో పంట కోసి తూకం వేస్తున్నారు. 2016 నాటి కేంద్ర నిబంధనలు వర్షపాతంతో పాటు నేల తేమను, ఉపగ్రహం చూపే పచ్చదనాన్ని పరిగణిస్తాయి. ఆపైన కొన్ని గ్రామాల్లో పొలాలు చూసి సరిపోల్చమంటాయి. దీన్ని నేను తక్కువ చేయను. అయినా ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో వేరుశనగ సంగతి చూడండి. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేసి, ఆనక నాలుగు చినుకులు పడితే చెట్టు పచ్చబడుతుంది. పీకి చూస్తే కట్టే గాని బుడ్డ ఉండదు. ఆకాశం నుంచి చూసే కంటికి పచ్చదనం కనిపిస్తుంది. పీకిన చేతికి నష్టం తెలుస్తుంది.

ప్రపంచంలోనూ ఈ సమస్య ఉంది. 1972లో మనాగువా భూకంపం తర్వాత లాటిన్ అమెరికాలో ఐక్యరాజ్యసమితి ఆర్థిక సంఘం నష్టాల అంచనాకు ఒక పద్ధతిని రూపొందించసాగింది. కూలిన ఆస్తి వేరు, ఆగిన రాబడి వేరు అన్నది అందులో ముఖ్యమైన మెలకువ. కాని భూకంపానికి తేదీ ఉంటుంది. కరువుకు లేదు. అమ్ముకున్న ఎద్దు, ఎండిన బోరు కోసం చేసిన అప్పు, బెంగుళూరు వలస, బడి మానిన పిల్ల - ఇవన్నీ అంచనా ముగిశాకే మొదలవుతాయి. పట్టా పేరున వచ్చే పరిహారం కౌలు రైతుకు అందడం కష్టం. కూలికి నష్టమే లేనట్టు లెక్క.

విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రంగడు, గంగమ్మల బతుకును కథ చేసింది ఈ లెక్కకందని చోటే. అలాగని రచయితలు అంకెలను ఈసడించుకుంటే పొరపాటు. ఆకలి ఆగదు కనుక అంచనా తొందరగానే రావాలి. కాని ప్రతి అంకెనూ మూడు ప్రశ్నలడగాలి: ఎవరు కొలిచారు? ఎవరి కోసం కొలిచారు? ఎవరిని వదిలేశారు? మూడో ప్రశ్నకు జవాబు వెతకడం సాహిత్యం పని కూడా.