దుకాణం మూసినా దాహం మిగిలితే



శ్రమదినాలు నలభై రోజులూ సీసా ముట్టని సహోదరుడు ఈస్టరు దాటిన వారానికే మళ్లీ దుకాణం దగ్గర కనబడడం మనం చూస్తూనే ఉన్నాం. ఆ ఇంట్లో భార్య కన్నీళ్లూ చూస్తున్నాం. ఇన్నాళ్లు మానగలిగినవాడు ఎందుకు పడిపోయాడు? దీనికి జవాబు కొంత మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే చిన్న ఊరుంది. 1990ల మొదట్లో అక్షరాస్యత కార్యక్రమంలో అక్కడి స్త్రీలు రాత్రిపూట చదువు నేర్చుకున్నారు. ఊరి ఆడవాళ్లు ఏకమై సారా కొట్టు మూయించిన కథ వారి వాచకంలో ఉంది. అది చదివి, ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు. 1992లో వర్ధినేని రోశమ్మ వంటి స్త్రీలు ముందు నిలిచి తమ ఊళ్లో కొట్టు మూయించారు. ఆ పోరాటం ఊరి నుంచి ఊరికి పాకింది, సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది.

ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. కూలి డబ్బు ఇంటికి చేరింది. ఆ స్త్రీల పోరాటం వ్యర్థమని మనం ఎన్నడూ అనకూడదు. కానీ దొంగసారా కాయడం, పక్క రాష్ట్రాల నుంచి చాటుగా మద్యం తేవడం ఆగలేదు. 1997లో ప్రభుత్వం సంపూర్ణ నిషేధాన్ని ఎత్తివేసింది. దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి.

చట్టం దుకాణానికి తాళం వేయగలదు. మనిషిలోని దాహానికి తాళం వేయలేదు. మత్తయి 12:43-45లో ప్రభువు చెప్పిన మాట గుర్తు తెచ్చుకుందాం. వెళ్లిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చేసరికి ఇల్లు ఊడ్చి ఉంది, అమర్చి ఉంది, కాని ఖాళీగా ఉంది. అందుకే అది మరి ఏడింటిని వెంటబెట్టుకొని వచ్చింది. మన సహోదరుని నలభై రోజులూ అలాంటివే. సీసా బయటికి పోయింది గాని ఆ చోట ప్రభువు కూర్చోలేదు.

తాగనివారం మనకేం అనుకోవద్దు. అర్ధరాత్రి దాకా ఫోను, గుట్కా, పేకాట, ఫోనులో బెట్టింగులు, నోటి దురుసు, ఇవీ మన సంఘంలో ఉన్నవే. మందిరంలో దాచుకొని ఇంటికెళ్లి తెరుచుకునేవే.

మరి ఏం చేద్దాం? దూబగుంట స్త్రీలు ముందు తమ బ్రతుకును పుస్తకంలో చూసుకున్నారు. మనం వాక్యమనే అద్దంలో చూసుకొని, ఇది నా పాపమే అని ఒప్పుకోవాలి. ఒప్పుకొని విడిచిపెట్టేవానికే కనికరమని సామెతలు 28:13 చెప్తుంది. రెండోది, వారు ఒంటరిగా పోరాడలేదు. మనం కూడా నమ్మకమైన ఒక విశ్వాసికి చెప్పి, అతనితో కలిసి ప్రార్థించాలి. శోధన వేళ అతనికి ఫోను చేయడానికి సిగ్గుపడకూడదు.

మూడోది మన పొందూరే నేర్పుతుంది. మన తల్లులు వాలుగ చేప దవడ పళ్లతో పత్తిని దువ్వి చెత్త తీస్తారు. ఒక్క దువ్వుతో అంతా పోదు. ఓపికగా మళ్లీ మళ్లీ దువ్వాలి. అయితే శుభ్రమైన పత్తిని అలాగే వదిలేస్తే గాలికి మళ్లీ దుమ్ము పడుతుంది. గింజ తీసి, ఏకి, వడికి, నేస్తేనే అది బట్ట అవుతుంది. మన జీవితమూ అంతే. పాపం తీసేసిన గంటను ఖాళీగా ఉంచకుండా వాక్యంతో, కుటుంబ ప్రార్థనతో, పిల్లలతో, పొరుగువాని సేవతో నింపాలి.

పడిపోయిన సహోదరుడా, రేపు మళ్లీ మందిరానికి రా. నిన్ను వేలెత్తి చూపేవాళ్లం కాదు, నీ పక్కన కూర్చునేవాళ్లం. తప్పించుకొను మార్గమును దేవుడు సిద్ధపరుస్తాడని 1 కొరింథీ 10:13 మనకు ధైర్యమిస్తుంది. ఆ మార్గంలో నీతో పాటు నడవడానికే ఈ సంఘం ఉంది.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మాలో ఖాళీగా ఉన్న ప్రతి గదిలో నీవే నివసించుము. పడిన వారిని లేపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.