లెక్క ఒకటే, జవాబులు రెండు

మొన్న తిరుపతిలో ఇంట్లో పాత సీడీలు సర్దుతుంటే "అట్లాస్" అని రాసున్న డిస్కు ఒకటి దొరికింది. దాంతోపాటే 2009 నాటి నా తప్పొకటి గుర్తొచ్చింది.

అప్పుడు మా టీములో ఒక కుర్రాడు రాసిన కోడు మా 64-బిట్ మెషిన్లో ఒక జవాబు, క్లయింటు దగ్గరున్న పాత 32-బిట్ సర్వర్లో ఇంకో జవాబు ఇచ్చేది. తేడా పన్నెండో అంకెలో! "కూడికలు కూడా రావా నీకు" అని అందరి ముందూ కసురుకున్నాను. ఆ తర్వాత సెలవుకి ఇంటికొచ్చి, తప్పు కింద వాడిన లైబ్రరీదేమో చూద్దామని అట్లాస్‌ని సోర్సు నించి కట్టడం మొదలెట్టా.

అట్లాస్ టెన్నెసీ యూనివర్సిటీలో 1990ల చివర్లో పుట్టిన ఓపెన్ సోర్సు లైబ్రరీ. మాత్రికల గుణకారాన్ని మన ప్రాసెసర్ మీద రకరకాలుగా చేసి చూసి, ఏది వేగంగా నడిస్తే దాన్నే ఉంచుకుంటుంది. అందుకే గంటల తరబడి సాగుతుంది. ముందు నా ల్యాప్‌టాపు సీపీయూ వేగం మారుతోందని మొరాయించింది. అది సరిచేసి, 'మేక్' కొట్టి, అలిపిరి నించి కొండెక్కడం మొదలెట్టా. 3,550 మెట్లు, మధ్యలో గాలిగోపురం, చివర్లో మోకాళ్ళ పర్వతం. మర్నాడు దిగొచ్చి చూస్తే బిల్డు అయిపోయింది, పరీక్షలన్నీ పాసు. క్లయింటు మెషిన్లో కూడా పాసే. జవాబులు మాత్రం ఇంకా వేరువేరుగానే వస్తున్నాయి!

పరీక్షలు పాసయ్యాక జవాబులు వేరుగా ఎలా వస్తాయి? దీని వెనక పెద్ద కథే ఉంది.

1970ల్లో ఒక్కో కంపెనీ కంప్యూటరు దశాంశాల్ని ఒక్కో రకంగా దాచుకునేది. ఐబీఎం 360ది 16 ఆధారంగా లెక్క, సీడీసీ 6600ది 60 బిట్ల పదం, వాక్స్‌ది మరో పద్ధతి. అమెరికాలోని ఆర్గాన్ లాబులో జాక్ డొంగారా బృందం 'లిన్‌ప్యాక్' రాసినప్పుడు ఒక్క కోడు వీటన్నిటి మీదా నడవాలనుకున్నారు. 1979లో వచ్చిన దాని పుస్తకం అనుబంధంలో 23 కంప్యూటర్ల మీద పట్టిన సమయాలు వేశారు. ఇప్పటి టాప్-500 సూపర్ కంప్యూటర్ల జాబితాకి మూలం ఆ పట్టికే. 1985లో 'నెట్‌లిబ్' వచ్చింది. దానికి మెయిలు రాస్తే కావలసిన కోడు తిరుగు మెయిల్లో దానంతటదే వచ్చేది. అదే ఏడు ఐఈఈఈ 754 ప్రమాణం కూడా వచ్చి ఈ దశాంశాల గోలకి చాలావరకు అడ్డుకట్ట వేసింది.

చాలావరకే, పూర్తిగా కాదు. మా నాయన బ్యాంకు నించి రిటైరయ్యాక కొండమీద పరకామణి సేవకి వెళ్ళొచ్చారు. హుండీ డబ్బుని కుప్పలు పోసి తలా ఒక కుప్ప లెక్కపెడతారు. "ఎవరు లెక్కపెట్టినా, ఎట్ల లెక్కపెట్టినా మొత్తం ఒకటే రావాల" అంటారాయన. కంప్యూటర్లో దశాంశాలకి ఈ న్యాయం చెల్లదు. అది దాదాపు 16 అంకెలే గుర్తుంచుకుంటుంది. 1 పక్కన 16 సున్నాలున్న సంఖ్యకి 1 కలిపి, మళ్ళీ అదే సంఖ్య తీసేయండి, 0 వస్తుంది. ముందు తీసేసి తర్వాత 1 కలపండి, 1 వస్తుంది. కుప్పలు మారితే మొత్తం మారుతుందన్నమాట. పైగా పాత 32-బిట్ ఇంటెల్ చిప్పులు మధ్యలో లెక్కని 80 బిట్లలో ఉంచుకునేవి, 64-బిట్ కోడు మామూలుగా 64లోనే చేస్తుంది.

ఈ సంగతి లైబ్రరీలు రాసేవాళ్ళకి ముందే తెలుసు. 1992లో వచ్చిన 'లాప్యాక్' పరీక్షలు "జవాబు ఫలానా అంకెలే కావాలి" అని అడగవు. ముందు మెషిన్నే అడుగుతాయి: 1కి కనీసం ఎంత కలిపితే నీకు తేడా తెలుస్తుంది? ఆ కొలబద్దతోనే జవాబులో మిగిలిన తప్పుని కొలుస్తాయి. అది 30 లాంటి చిన్న హద్దు లోపల ఉంటే పాసు. ఏ మెషిన్ని దాని కొలతతోనే తూచడమన్నమాట.

2011లో గోటోబ్లాస్ నించి విడివడిన ఓపెన్‌బ్లాస్‌లో ఇప్పుడు ఒక్కో చిప్పుకి విడివిడిగా రాసిన కోడుంది. ఇంటెల్, ఏఎండీ, ఆర్మ్ ఏదైనా సరే, కూడే వరస మారితే చివరి అంకెలు మారొచ్చు.

సెలవు నించి వెళ్ళాక మా పరీక్షల్లో "సమానం" అని ఉన్నచోటల్లా "ఇంత దగ్గర్లో ఉంటే చాలు" అని మార్చాం. ఎంత దగ్గరో లెక్కగట్టి తేల్చడానికి వారం పట్టింది. తేల్చింది నేను తిట్టిన కుర్రాడే. అతనికి క్షమాపణ చెప్పాను కానీ, విడిగా, టీ కొట్టు దగ్గర. తిట్టింది మాత్రం అందరి ముందూ. ఆ లెక్క ఇంకా తేలలేదు.