పద్యం కడుపులో పద్యం

“విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు.” 1966లో ఉక్కు కర్మాగారం కోసం లేచిన ఈ నినాదం ఒక్కసారి విన్నవాడి నోట కూడా నిలిచిపోయింది. దాని వెనకున్న కోపం న్యాయమైనదే, కానీ నోట నిలవడానికి కారణం వేరే ఉంది. ఉక్కు, హక్కు: మొదటి అక్షరాలు వేరు, రెండూ గురువులే; రెండో అక్షరం మాత్రం ఒక్కటే. నన్నయ నాటి నుంచీ మన వృత్తాల్లో ప్రాస అంటే ఇదే. ప్రతి పాదంలోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. సంస్కృతానికి ఈ నిర్బంధం లేదు, తెలుగూ కన్నడమూ కోరి తెచ్చుకున్నాయి. పాదం చివర మోగే అంత్యప్రాసను ఎవరైనా గుర్తుపడతారు. రెండో అక్షరంలో నక్కిన ప్రాస, చెప్పేదాకా తెలియకుండానే తన పని తాను చేసుకుపోతుంది.

అక్షరాలను ఇలా వాక్యంలో దాచే విద్యకు మన దగ్గర చాలా పాత చరిత్ర ఉంది. వాల్మీకి రామాయణం 24,000 శ్లోకాలు, గాయత్రీ మంత్రం 24 అక్షరాలు. ప్రతి వెయ్యి శ్లోకాల మొదటా ఆ మంత్రాక్షరాల్లో ఒకటి వరసగా కూర్చుని ఉందని సంప్రదాయం. మొదటి శ్లోకం ‘త’కారంతోనే మొదలవుతుంది. ప్రతులను బట్టి శ్లోకాల లెక్క మారుతుంది గనుక వెయ్యో మైలురాయి అన్ని పుస్తకాల్లో ఒకేచోట పడదు. అయినా ఆ శ్లోకాలను ఏరి గాయత్రీ రామాయణమని పారాయణ చేసేవాళ్లున్నారు. ఒంటిమిట్ట కోదండరాముడి గుడికోసం టెంకాయ చిప్ప పట్టి ఊరూరా తిరిగిన వావిలికొలను సుబ్బారావు వాల్మీకాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు, ఆ బీజాక్షరాలను కూడా వాటి స్థానాల్లో నిలిపారు. అర్థాన్ని అనువదించడమే కష్టమంటే, అక్షరాన్ని కూడా దాని చోటు తప్పకుండా దింపడం మామూలు పట్టుదల కాదు.

అక్షరాలను దాచడమే కాదు, అసలు రాకుండా చేయడమూ ఒక విద్యే; వచనంలో ఆ పని చేసినవాడు దండి. దశకుమార చరితంలో మంత్రగుప్తుడు తన కథ చెప్పాలి. ప్రియురాలు కొరికిన పెదవి నొప్పి. అందుకని పెదవులు కలిసే ప, ఫ, బ, భ, మలు లేకుండా కథంతా చెప్పేస్తాడు. నాకు అక్షరాలతో ఇలా ఆడే చిత్రకవిత్వం మొత్తంలో ఇంతకంటే ముచ్చటైన సాకు కనబడలేదు. నియమం కవి గొప్ప కోసం రాలేదు, పాత్ర పెదవి మీద గాయం నుంచి వచ్చింది. తెలుగులో ఈ నిరోష్ఠ్యాన్ని కావ్యమంతా నడిపినవాడు గోల్కొండ సుల్తానుల కాలపు మరింగంటి సింగరాచార్యుడు. రాసింది రాముడి కథ, ‘మ’ వాడటానికి లేదు! కథానాయకుడి పేరే పలకరాదు. గ్రంథం పేరు చూడండి: ‘దశరథరాజనందన చరిత్ర’. ఎక్కడా పెదవి కలవదు.

దాచడానికి ఇలాంటి కారణం అందరికీ దొరకలేదు. భారవి కిరాతార్జునీయం పదిహేనో సర్గలో దాదాపు ఒక్క ‘న’కారంతోనే శ్లోకం నడిపాడు. మాఘుడు శిశుపాలవధ పంతొమ్మిదో సర్గ చివర చక్రబంధం వేసి, ఆకుల మీది అక్షరాలను వలయాల వెంట చదివితే తన పేరూ కావ్యం పేరూ బయటపడేటట్టు చేశాడు. అది సంతకం, ఒకరు కొట్టేయడానికి వీలులేని సంతకం. పద్మబంధం, నాగబంధం, ఖడ్గబంధం ఈ జాతివే. పద్మంలో నడిబొడ్డున ఒకే అక్షరం ఉంటుంది, రేకు రేకుకీ దాన్ని తాకి పోవాలి. తెలుగులో నన్నెచోడుడు కుమారసంభవంలోనే వీటిని తలకెత్తుకున్నాడు. ఆలంకారికుడు మమ్మటుడు మాత్రం వీటన్నిటినీ అధమ కావ్యం గదిలో పడేశాడు. చాలావాటి విషయంలో మమ్మటుడి మాటే నాకు సబబనిపిస్తుంది.

 కృష్ణదేవరాయల కొలువు కవి నంది తిమ్మన పారిజాతాపహరణం అయిదో ఆశ్వాసంలో, నారదుడు కృష్ణుణ్ణి స్తుతించే చోట చిత్రకవిత్వం కుప్పపోశాడు. మనవాళ్లు ప్రత్యేకంగా సాన పట్టింది గర్భకవిత్వం. ఒక చంపకమాల కడుపులో కందం ఉంటుంది. చంపకమాల పాదానికి 28 మాత్రలు, నాలుగు పాదాలకు 112. కందానికి మొత్తం 64. కందంలో బేసి గణంగా జగణం పనికిరాదు, ఆరో గణం జగణమో నలమో కావాలి. పెద్ద పద్యాన్ని ఎక్కడ కోస్తే ఈ నియమాలు తప్పవో ముందే లెక్క వేసుకోవాలి. అంతేనా, వృత్తం ప్రాస ఒకచోట, కందం ప్రాస మరోచోట పడాలి. రెండు పద్యాలకీ విడివిడిగా అర్థం కుదరాలి. దీని ముందు సుడోకు పిల్లలాట.

ఆ కందాన్నే చివరికి విశాఖ కవి చేతపట్టాడు. 1910లో విశాఖపట్నంలో పుట్టిన శ్రీశ్రీ ఛందస్సుల సర్పపరిష్వంగాన్ని వదిలించుకున్నవాడిగానే మనకు గుర్తు. అదే మనిషి ‘సిరిసిరిమువ్వ’ మకుటంతో నికార్సైన కందాలతో శతకం రాశాడు, ప్రాసక్రీడలు ఆడాడు, లిమరిక్కులు అల్లాడు. మూడూ కలిపి పుస్తకం వేస్తే దాని పేరు ‘సిప్రాలి’. పేరును విప్పండి: సిరిసిరిమువ్వలో సి, ప్రాసక్రీడల్లో ప్రా, లిమరిక్కుల్లో లి. తిరుగుబాటు కవి పాత విద్యను అట్ట మీదే పెట్టాడు, చాలామంది ఏదో సంస్కృత పదమనుకుని పేజీ తిప్పేస్తారు.

శ్రీశ్రీ అక్కడితో ఆగలేదు, తెలుగు పత్రికల్లో పదబంధ ప్రహేళికలు కూర్చాడు. విశాఖలోనే పుట్టిన ఆరుద్ర ఆ ఆటనే గళ్ళ నుడికట్టు అన్నాడు. దండి కావ్యాదర్శంలో పదహారు రకాల ప్రహేళికలు చెప్పాడు, నల్లగళ్ళూ తెల్లగళ్ళూ ఉన్న రకం వాటిలో లేదు. బంధకవిత్వంలో పద్మం గీసేదీ కవే, అక్షరాలు నింపేదీ కవే, మెచ్చుకోవడం ఒక్కటే చదువరి వంతు. గళ్ళ నుడికట్టులో కవి ఖాళీలు మాత్రం వదిలాడు. అడ్డం ఏడు, నిలువు మూడు ఒకే ‘క్కు’ దగ్గర కలుస్తాయా లేదా అన్నది ఆదివారం మధ్యాహ్నం పెన్సిలు పట్టుకున్నవాడే తేల్చుకోవాలి.