కాలం చెల్లిన విషయ నిర్వహణ వ్యవస్థ నుండి వెబ్‌సైటు నవీకరణ

తయారీదారుల మద్దతు ముగిసిపోయిన విషయ నిర్వహణ వ్యవస్థపై నడుస్తున్న వెబ్‌సైటును, అందులోని సమాచారం, పేజీల చిరునామాలు చెడిపోకుండా మద్దతు ఉన్న వ్యవస్థలోకి మార్చటాన్ని వెబ్‌సైటు నవీకరణ అంటారు. విషయ నిర్వహణ వ్యవస్థను వాడుకలో సీఎమ్మెస్ అని పిలుస్తారు. ప్రోగ్రాములు వ్రాయటం తెలియనివారు కూడా వెబ్‌సైటులో వ్యాసాలు, చిత్రాలు, ప్రకటనలు చేర్చటానికి వీలు కల్పించే సాఫ్ట్‌వేర్ ఇది. డ్రూపల్ 2001లోను, వర్డ్‌ప్రెస్ 2003లోను, మాంబో నుండి విడిపోయిన జూమ్లా 2005లోను వెలువడ్డాయి. వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా ఈ కోవకు చెందినదే. ఇవన్నీ ఉచితంగా లభించే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు కావటంతో పాఠశాలలు, కళాశాలలు, పత్రికలు, ప్రభుత్వ కార్యాలయాలు వీటిని విరివిగా స్వీకరించాయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే గాని దాని పోషణ ఉచితం కాదన్న సంగతి చాలా సంస్థలకు ఆలస్యంగా తెలిసివచ్చింది.

మద్దతు ముగియటం

ప్రతి సాఫ్ట్‌వేర్ కూర్పుకూ ఒక ఆయుర్దాయం ఉంటుంది. ఆ గడువు తీరిన తరువాత అందులో లోపాలు బయటపడినా తయారీదారులు వాటిని సరిచేయరు. 2008లో వచ్చిన జూమ్లా 1.5కు 2012లోను, జూమ్లా 3కు 2023 ఆగస్టు 17న మద్దతు ముగిసింది. డ్రూపల్ 6కు 2016 ఫిబ్రవరిలో ముగిసింది. 2011 జనవరి 5న విడుదలైన డ్రూపల్ 7 గడువును 2021 నవంబరుగా మొదట నిర్ణయించారు. అయితే దానిని వాడుతున్న వెబ్‌సైట్లు అసంఖ్యాకంగా ఉండటంతో గడువును పలుమార్లు పొడిగించి, చివరకు 2025 జనవరి 5న ముగించారు.

మద్దతు ముగిసిన రోజున వెబ్‌సైటు ఆగిపోదు. మరునాడు కూడా యథాప్రకారం తెరుచుకుంటుంది. నిర్వాహకులు ఏమరుపాటుగా ఉండటానికి ఇదే ముఖ్య కారణం.

సీఎమ్మెస్‌కు ఆధారమైన పీహెచ్‌పీ భాషకు, మైఎస్‌క్యూఎల్ డేటాబేసుకు కూడా ఇటువంటి గడువులే ఉన్నవి. పీహెచ్‌పీ 5.6కు 2018 డిసెంబరు 31న, 7.4కు 2022 నవంబరులో మద్దతు ముగిసింది. పాత పద్ధతిలో డేటాబేసును పిలిచే ఆదేశాలను 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7 నుండి పూర్తిగా తొలగించారు. ఆ కారణంగా, సర్వరు యజమాని పీహెచ్‌పీని మార్చిన రోజున పాత సీఎమ్మెస్ ఉన్నట్టుండి తెల్లని ఖాళీ పేజీ చూపటం జరుగుతుంది. వెబ్‌సైటు తనంతట తానే పాడైందని నిర్వాహకులు భావిస్తారు గాని, నిజానికి మారినది దాని క్రింది పునాది.

ప్రమాదాలు

2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో ఒక తీవ్రమైన భద్రతాలోపాన్ని ప్రకటించి, దానితోపాటే సవరణను కూడా విడుదల చేశారు. ప్రకటన వెలువడిన ఏడు గంటలలోపు సవరణ చేయని ప్రతి వెబ్‌సైటూ చొరబాటుకు గురైనట్లే భావించాలని డ్రూపల్ భద్రతా బృందం రెండు వారాల తరువాత హెచ్చరించింది. 2018 మార్చి 28న మరొక పెద్ద లోపం బయటపడింది. మద్దతు ఉన్న కూర్పు విషయంలోనే వ్యవధి గంటలలో ఉన్నప్పుడు, సవరణలే రాని కూర్పు సంగతి వేరే చెప్పనక్కరలేదు. 2016లో పనామా పత్రాలు బయటపడినప్పుడు, మొసాక్ ఫోన్సెకా అనే న్యాయసేవల సంస్థ వెబ్‌సైట్లు పాత డ్రూపల్, పాత వర్డ్‌ప్రెస్ ప్లగిన్‌లతో నడుస్తున్నట్లు నిపుణులు గుర్తించారు. పత్రాలు ఆ దారినే బయటకు వెళ్ళాయని మాత్రం రుజువు కాలేదు.

చిన్న వెబ్‌సైటును ఎవరు పట్టించుకుంటారనే అభిప్రాయం సరైనది కాదు. చొరబాట్లలో ఎక్కువ భాగం మనుషులు ఎంచుకుని చేసేవి కావు. పాత కూర్పులను వెతుకుతూ యంత్రాలు వరుసగా చేసేవి. కళాశాల వెబ్‌సైటు అయితే ప్రవేశ దరఖాస్తులలోని విద్యార్థుల ఫోన్ నంబర్లు, చిరునామాలు పరాయి చేతులలో పడవచ్చు. ఇటువంటి సంఘటనలను తెలుసుకున్న ఆరు గంటలలోపు తెలియజేయాలని సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న సంస్థలను, ప్రభుత్వ కార్యాలయాలను ఆదేశించింది. తగిన భద్రతాచర్యలు తీసుకోనందుకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించే వీలును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టంలో కల్పించారు.

నవీకరణ, వలస

ఈ రెంటికీ భేదం ఉన్నది. ఉన్నచోటనే కొత్త కూర్పును స్థాపించటం నవీకరణ. కొత్త వ్యవస్థను వేరుగా నిర్మించి సమాచారాన్ని అందులోకి తరలించటం వలస. వర్డ్‌ప్రెస్‌లో సాధారణంగా మొదటిది సరిపోతుంది. జూమ్లాలో 3.10ను వంతెనగా వాడి 4కు వెళ్ళవచ్చును గాని, 1.5 నుండి 2.5కు వెళ్ళటం వలసగానే పరిగణించవలసి వచ్చింది. 2015లో వచ్చిన డ్రూపల్ 8ను సిమ్ఫనీ అనే చట్రంపై తిరిగి నిర్మించినందున, డ్రూపల్ 7 నుండి తరువాతి కూర్పులకు నేరు దారి లేదు. పాత అలంకరణ ఫైళ్ళు, సొంతంగా వ్రాయించుకున్న మాడ్యూళ్ళు ఏవీ పనికిరావు. ఈ భారం మోయలేనివారి కొరకు డ్రూపల్ 7 నుండి చీలిన బ్యాక్‌డ్రాప్ 2015లో వెలువడింది. ఇకపై మార్పులుండని వెబ్‌సైటును మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీలుగా మార్చి భద్రపరచటం మరొక మార్గం. ఆగిపోయిన పత్రికల పాత సంచికలకు ఇదే ఉత్తమమని చెప్పవచ్చును.

పని జరిగే విధానం

మొదట ఉన్నదంతా జాబితా వ్రాయాలి: సీఎమ్మెస్, పీహెచ్‌పీ కూర్పులు, మాడ్యూళ్ళు, వాడుకరుల ఖాతాలు, ప్రతి పేజీ చిరునామా. ఎవరూ వాడని మాడ్యూళ్ళు, ఎప్పుడో వెళ్ళిపోయిన ఉద్యోగుల ఖాతాలు ఈ దశలోనే బయటపడతాయి. పిదప ఫైళ్ళకు, డేటాబేసుకు నకళ్ళు తీయాలి. డేటాబేసు ఒక్కటే తీసి చిత్రాలున్న ఫోల్డరును మరచిపోవటం తరచు జరిగే పొరపాటు. మూడు నకళ్ళు, రెండు రకాల మాధ్యమాలు, అందులో ఒకటి వేరే ఊరిలో ఉండాలన్నది అందరూ అంగీకరించిన సూత్రం. ఆ నకలు నుండి వెబ్‌సైటును ఒకసారి తిరిగి లేపి చూడనంతవరకు అది నకలు అని నమ్మరాదు.

మార్పులను నేరుగా అసలు వెబ్‌సైటుపై చేయకూడదు. సంకేతపదంతో మూసి ఉంచిన ప్రయోగ సర్వరుపై ప్రతిని నిలిపి, అక్కడ నవీకరణ జరిపి, పేజీలను ఒక్కొక్కటిగా పాతవాటితో సరిచూడాలి. మూసి ఉంచకపోతే శోధన యంత్రాలు ప్రయోగ ప్రతిని కూడా సూచికలోకి ఎక్కిస్తాయి. అసలు మార్పిడికి ముందు కొత్త వ్యాసాలు చేర్చటం ఆపాలి. లేనిచో ఆ మధ్యకాలంలో చేర్చినవి పాత డేటాబేసులోనే మిగిలిపోతాయి. కళాశాలలైతే ప్రవేశాలు, పరీక్షా ఫలితాల సమయంలో ఈ పని తలపెట్టకపోవటం మంచిది.

పేజీల చిరునామాలు మారితే, పాత చిరునామా నుండి కొత్తదానికి 301 అనే శాశ్వత దారిమార్పును ఏర్పరచాలి. ఇది చేయనందువల్లనే వికీపీడియా వ్యాసాలలో ఆధారాలుగా ఇచ్చిన లింకులు వేలకొలది చచ్చిపోయినవి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ కొన్నిటిని కాపాడింది గాని అన్నిటినీ కాదు.

పని ముగిసిన తరువాత పాత ప్రతిని సర్వరు నుండి తొలగించాలి. "పాతది" అన్న పేరుతో ఒక ఫోల్డరులో వదిలివేస్తే, ముందు తలుపుకు తాళం వేసి పెరటి తలుపు తీసి ఉంచినట్లే.

తెలుగు వెబ్‌సైట్లలో ప్రత్యేక సమస్యలు

ఆంగ్ల వెబ్‌సైట్ల కొరకు వ్రాసిన మార్గదర్శకాలలో ఈ సమస్యలు చాలవరకు కనబడవు. యూనికోడులో తెలుగుకు 1991 నాటికే స్థానం ఉన్నా, ఈనాడు, వార్త వంటి దినపత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లతో నడిచాయి. ఈ ఫాంట్లలో ఆంగ్ల అక్షరాల సంకేతాల స్థానంలో తెలుగు అక్షర శకలాలు ఉంటాయి. అటువంటి పాఠ్యాన్ని మార్చేటప్పుడు సంకేతాలను మార్చినంత మాత్రాన చాలదు. కంటికి కనబడే క్రమంలో ఉన్న గుణింతపు గుర్తులను, వత్తులను ఉచ్చారణ క్రమంలోకి తేవాలి. పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత ఈ పని చేసి పాఠకులకు ఎంతో మేలు చేసింది. ఏ సాధనం వాడినా చివరకు ఒక మనిషి కూర్చుని చదివి దిద్దవలసిందే.

యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతాక్షరానికి మూడు బైట్లు పడుతుంది. "ఓడలరేవు" అనే పదంలో ఏడు సంకేతాక్షరాలు, అంటే 21 బైట్లు ఉన్నవి. మైఎస్‌క్యూఎల్ 2018లో వచ్చిన 8.0 కూర్పు వరకు లాటిన్-1నే అప్రమేయంగా వాడేది. అందువలన పాత డేటాబేసులు అనేకం, లోపల తెలుగు ఉన్నా పైకి లాటిన్-1 అని చెప్పుకుంటాయి. పాత వెబ్‌సైటు దానిని ఎలా వ్రాసిందో అలాగే చదువుతున్నంతకాలం లోపం బయటపడదు. కొత్త వ్యవస్థలోకి వెళ్ళగానే ఏడు అక్షరాల ఓడలరేవు 21 వింత గుర్తులుగా మారుతుంది. నేరుగా లాటిన్-1 నుండి యూటీఎఫ్-8కు మారిస్తే ఆ పాడైన రూపమే స్థిరపడుతుంది. పట్టికలోని నిలువు వరుసను మొదట బైనరీగా మార్చి, పిదప యూటీఎఫ్-8గా ప్రకటించటం సరైన పద్ధతి.

చిరునామాల విషయం కూడా ఇటువంటిదే. వెబ్ చిరునామాలో ప్రతి బైటు మూడు గుర్తులుగా మారుతుంది కనుక ఓడలరేవు 63 గుర్తులు అవుతుంది. వర్డ్‌ప్రెస్ పేజీ చిరునామాకు 200 గుర్తులే కేటాయించటంతో 22 సంకేతాక్షరాల తరువాత తెలుగు శీర్షిక తెగిపోతుంది. వలసలో కొత్త వ్యవస్థ మరొకచోట తెంపితే పాత లింకులన్నీ పనిచేయవు. "సాఫ్ట్‌వేర్" వంటి పదాలలో కంటికి కనబడని వియోజక గుర్తును కొన్ని దిగుమతి సాధనాలు తీసివేస్తాయి. అప్పుడు పదం రూపు మారటమే కాక, వెతికినా దొరకదు.

ఈ విషయంలో తెలుగు వికీపీడియా అదృష్టవంతురాలు. 2003 డిసెంబరులో మొదలైననాటి నుండి అది యూటీఎఫ్-8లోనే ఉన్నది. ఆంగ్ల వికీపీడియా మాత్రం 2005లో మీడియావికీ 1.5తో గాని లాటిన్-1 నుండి బయటపడలేదు.

కోనసీమలో

వైనతేయ గోదావరి సముద్రంలో కలిసేచోట, అల్లవరం మండలంలో ఉన్న ఓడలరేవులో 1997 నుండి బి.వి.సి. ఇంజనీరింగు కళాశాల, తరువాతి కాలంలో ఓ.ఎన్.జి.సి. తీర టెర్మినల్ నెలకొన్నాయి. 1996 నవంబరు 6 నాటి తుఫాను కోనసీమను అతలాకుతలం చేసి వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. ఇటువంటి తీరంలో, సర్వరూ దాని నకలూ ఒకే భవనంలో ఉంచటం తగదు. వేరే ఊరిలో ఒక నకలు అన్న సూత్రానికి ఇక్కడ అక్షరాలా అర్థమున్నది.

2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుండి విడదీసి అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లాను ఏర్పరచారు. అదే సంవత్సరం దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చారు. కొత్త జిల్లాకు ప్రత్యేక వెబ్‌సైటు వచ్చింది. దేశంలోని జిల్లా వెబ్‌సైట్లను జాతీయ సమాచార కేంద్రం ఎస్‌3వాస్ అనే ఉమ్మడి వేదికపైకి తెచ్చింది. దీని వలన భద్రతా సవరణలు ఒకచోట చేస్తే అన్నిటికీ వర్తిస్తాయి. ప్రతి కలెక్టరు కార్యాలయమూ విడిగా నిపుణుని వెదకనక్కరలేదు. అందరి రూపూ ఒకేలా ఉండటం, స్థానికంగా మార్పులకు అవకాశం తక్కువ కావటం ఇందులోని లోపం. ప్రైవేటు కళాశాలలు, పాఠశాలలు, గ్రంథాలయాల వెబ్‌సైట్లకు ఇటువంటి ఉమ్మడి ఏర్పాటు లేదు. గడువు తేదీలను గమనించుకోవటం, నవీకరణకు ఏటా కొంత సొమ్ము కేటాయించటం వాటి యాజమాన్యాల బాధ్యతే.